వినకముందే వదిలేసిన మాటలు

డిగ్రీ చేతికొచ్చి ఏడాది దాటినా నాకు ఉద్యోగం లేదు. దొరకడం లేదని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి నేను వెతికిందే తక్కువ. పొద్దున పేపరు రాగానే ప్రకటనల పేజీ తీసేదాన్ని. 'ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలగాలి' అన్న మాట కనబడగానే నా చూపు కిందికి జారిపోయేది. తొంభైల చివర్లో హైదరాబాదులో ఆ మాట లేని ప్రకటన దొరకడం కష్టం. పేపరు మడిచి పక్కన పెట్టి, వంటింట్లో కూర్చుని బియ్యం ఏరేదాన్ని.

మేం బోరబండలో ఉండేవాళ్లం. నాయిన బస్ డిపోలో మెకానిక్కు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నా చిన్నప్పుడే మెదక్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నేను చదివిందంతా తెలుగు మీడియమే, సర్కారు బడి, సర్కారు కాలేజీ. డిగ్రీలో జంతుశాస్త్రం నాకు ఇష్టమైన సబ్జెక్టు. కప్పను కోసి గుండె చూపించమంటే మా బ్యాచిలో నా అంత శుభ్రంగా చేసేవాళ్లు లేరు. ఇంగ్లీషు మాత్రం రాదు.

రాదని ఎప్పుడు తేలిందో నాకు బాగా గుర్తు. పదో తరగతిలో సారు నన్ను లేపి పాఠం చదవమన్నారు. 'ఐలండ్' అని పలకాల్సిన మాటను, అక్షరాలన్నీ ఉన్నాయి కదా అని 'ఇస్లాండ్' అని చదివాను. క్లాసంతా నవ్వింది. సారూ నవ్వారు. ఆయన చెడ్డవారేం కాదు. నవ్వొచ్చింది, నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేశాను. కానీ మర్నాటి నుంచి ఇంగ్లీషు క్లాసులో ముందు బెంచీ వదిలేసి గోడ పక్కకి మారాను. అక్కడైతే సారు చూపు పడదు. చూపు పడకపోతే చదవమనరు. అట్లా చదవకుండానే పదో తరగతి దాటేశాను, కాలేజీ కూడా దాటేశాను.

ఇంట్లో అది ఖాయమైపోయిన సంగతి. చుట్టాలొస్తే నాయిన ముద్దుగానే చెప్పేవాడు, "మా పిల్లకు అన్నీ వస్తయి గని ఇంగ్లీషొక్కటే రాదు" అని. పిల్లకు వంకాయ పడదని చెప్పినట్టే చెప్పేవాడు. పడనిదాన్ని ఎవరూ బలవంతంగా తినిపించరు. నేనూ దాని జోలికి పోలేదు.

అటువంటి రోజుల్లో ఒక చిన్న ప్రకటన కనబడింది. మాదాపూరులో ఒక కంపెనీకి సైన్సు చదివినవాళ్లు కావాలట. టైపింగ్ వచ్చి ఉండాలి. డాక్టర్లు చెప్పేది విని టైపు చేయడమే పని. శిక్షణ వాళ్లే ఇస్తారు. మాట్లాడాలన్న మాట అందులో ఎక్కడా లేదు. నేను సెలవుల్లో టైపు నేర్చుకుని లోయర్ పరీక్ష పాసయి ఉన్నాను. నోరు తెరవక్కర్లేని ఉద్యోగం నా కోసమే వచ్చిందనిపించింది.

"గంత దూరం ఒక్కదానివే పోతవా?" అని అడిగింది అమ్మ, మిషన్ ఆపి.

"అందరూ అటే పోతున్నరు గదమ్మా ఇప్పుడు."

నిజంగానే ఊరంతా అటే చూస్తున్న కాలం అది. గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి. బోరబండ నుంచి తిన్నగా పోయే బస్సు నాకు దొరికేది కాదు. ఆటోలో ఒకరి మీద ఒకరం ఇరుక్కుని పోయి, దిగి, ఎర్రమట్టి దారిలో కొంత నడవాలి. నా ముందూ వెనకా సద్దిమూటలతో పనికి పోయే కూలీ ఆడవాళ్లు, యూనిఫాం చొక్కాల సెక్యూరిటీ వాళ్లు నడిచేవాళ్లు. వాళ్లంతా మేడల వైపు తిరిగేవాళ్లు. మా కంపెనీ ఉన్నది మేడలో కాదు. ఆ పక్కనే ఒక రెండంతస్తుల ఇంటిని కిరాయికి తీసుకుని, గదులకు ఏసీలు బిగించి నడుపుతున్నారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. మధ్యాహ్నం పూట దగ్గర్లో బండలు పేల్చేవాళ్లు. ఎవరో బయట కేకేయగానే మేమంతా హెడ్‌ఫోన్లు తీసి కూర్చునేవాళ్లం. కిటికీలు అదిరి, ఆగిపోయాక మళ్లీ పెట్టుకునేవాళ్లం.

పని ఏమిటంటే, అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, ఏం గమనించారో ఏం మందు రాశారో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ గొంతు ఫైలుగా మా కంప్యూటర్లలోకి వస్తుంది. వింటూ మేం దాన్ని టైపు చేయాలి. కాళ్ల దగ్గర కుట్టుమిషన్‌కి ఉన్నట్టే ఒక పెడల్ ఉండేది. మునివేళ్లతో నొక్కితే గొంతు నడుస్తుంది. మడమతో నొక్కితే కాస్త వెనక్కి పోయి అదే మాట మళ్లీ వినిపిస్తుంది. ఎంత విన్నా అర్థంకాని మాట దగ్గర చిన్న గీత గీసి వదిలేయాలి. దాన్ని బ్లాంక్ అనేవాళ్లం. తర్వాత పైవాళ్లు విని దాన్ని నింపుతారు.

మాకు నేర్పే మేడం గోదావరి జిల్లా మనిషి. గల్ఫులో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి తిరిగొచ్చింది. గట్టిగా మాట్లాడేది కాదు. కానీ ఆవిడ గదిలోకి వస్తే అందరి వీపులూ నిటారుగా అయ్యేవి. నా పక్క కుర్చీలో గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి కూర్చునేది. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేది. కాన్వెంటులో చదివింది.

మొదటిరోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెడల్ నొక్కాను. బిందెలో నీళ్లు పోస్తున్న చప్పుడులా ఏదో వచ్చింది. అందులో ఒక మాట మొదలెక్కడో చివరెక్కడో తెలియలేదు. గుండె గట్టిగా కొట్టుకుంటున్నది. నాకు ఇంగ్లీషు రాదు కదా, ఇట్లాగే ఉంటుంది మరి, అనుకున్నాను. అలా అనుకోగానే చిత్రంగా మనసు కుదుటపడింది. గీత గీశాను. ఇంకో గీత గీశాను. పక్కనున్న అమ్మాయి టకటకా కొడుతుంటే, ఆమెకు అన్నీ వినబడుతున్నాయని అసూయ కూడా కలగలేదు. ఆమెకు వస్తుంది, నాకు రాదు, అంతే.

రెండు వారాలు అట్లాగే గడిచాయి. మేడం పాఠం చెప్పి "డౌట్లున్నాయా?" అని అడిగేది. నాకు ఉన్నదంతా డౌటే. అందుకే ఏమీ అడిగేదాన్ని కాదు. సులభమైన ఫైలు ఎవరికొస్తుందో చూసి, వాళ్లను బతిమాలి మార్చుకునేదాన్ని. చివరికి ఒకరోజు భోజనాల వేళ మేడం దగ్గరికి పోయి నిలబడ్డాను.

"మేడం, నేను రేపటి నుంచి రాను. నాతోని కాదు ఇది."

ఆవిడ పెరుగన్నం కలుపుకుంటోంది. "ఏది కాదు?" అంది.

"వినుడు మేడం. నాకు ఇంగ్లీషు రాదు. నా చెవులకు పట్టదు."

"భోంచేసి రా. చూద్దాం."

భోజనం అయ్యాక నేను చేసిన కాయితాలు రెండు మూడు తీసి బల్ల మీద పరిచింది. పేజీ నిండా గీతలు. నాకు అటు చూడబుద్ధి కాలేదు.

"మొదటి గీత ఎక్కడుందో చూపించు" అంది.

చూపించాను.

"అది మందు పేరు. కష్టమే. మొదటిసారి నాకూ వినపడదు. దాని పక్కనే ఇంకో గీత ఉంది చూడు. హెడ్‌ఫోన్లు పెట్టుకో."

ఆవిడే పెడల్ నొక్కింది. విన్నాను.

"ఏమన్నాడు?"

"ట్వైస్ ఎ డే."

"అంటే?"

"రోజుకు రెండుసార్లు."

"మరి ఇక్కడ గీత ఎందుకుంది?"

ఆవిడ ఇంకొంచెం ముందుకు జరిపి మళ్లీ వినిపించింది. 'లెఫ్ట్ హ్యాండ్' అంటున్నాడు డాక్టరు. ఎడమ చెయ్యి. ఐదో తరగతి పిల్ల కూడా రాసే మాట. దాని దగ్గరా గీత గీసి ఉంది. ఇంకోచోట 'నో ఫీవర్'. జ్వరం లేదని. అక్కడా గీతే.

"ఏ కాయితం చూసినా ఇదే వరస" అంది మేడం. "పైన బాగానే ఉంటుంది. ఒక్క కష్టమైన మాట తగులుతుంది. ఇక ఆ తర్వాత వచ్చినవి నీకు తెలిసిన మాటలే అయినా గీతలే. చెవులు బాగానే ఉన్నాయమ్మా. ఆ ఒక్క మాట దగ్గర నువ్వు వినడం మానేస్తున్నావు."

"నాతోని అయితదంటారా మేడం?" అని అడిగాను. అవుతుందని ఆవిడ నోటి నుంచి వినాలని ఉండింది.

"అవుతుందని నేననను" అంది ఆవిడ. "అవుతుందో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. నువ్వింకా ప్రయత్నం మొదలుపెట్టలేదు కదా. ఈ నెల మొత్తం నీకు ఒక్క డాక్టరే. వేరే ఫైలు ముట్టుకోకు. ఆయన్ని మీ మేనమామ అనుకో. మేనమామ నత్తిగా మాట్లాడినా ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది కదా, అలా తెలియాలి నీకు. గీత గీసే ముందు మూడుసార్లు మడమ నొక్కు. అప్పటికీ తెలియకపోతే గీత గీసి, తర్వాతి మాట కొత్తగా విను. అంతకుమించి నేనేం అడగను."

లేచి పోతుంటే వెనక నుంచి ఇంకో మాట అంది. "గుండె దడదడలాడితే ఆడనీ. గల్ఫులో మొదటిసారి పసిపిల్లకు సూది వెయ్యాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి వణికింది. వణుకుతూనే వేశాను. సూది సరిగ్గానే పడింది."

ఆవిడ పొగిడి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. బలవంతంగా ఉండమన్నా మర్నాడు వెళ్లేదాన్ని కాదు. ఆవిడ అన్నది మాత్రం కాదనలేకపోయాను. ట్వైస్ ఎ డే అన్నది నాకు వినబడింది. నా చెవులతోనే విన్నాను.

మేడం ఇచ్చిన ఫైళ్లన్నీ పాతవి, శిక్షణ కోసం పేర్లు తీసేసి దాచినవి. ఎముకల డాక్టరు ఒకాయన గొంతు. పెద్దవయసు మనిషి అయి ఉంటాడు. చెప్పేముందు గొంతు సవరించుకునేవాడు. కాయితాలు తిప్పే చప్పుడు వినబడేది. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయేది, నిద్రలోకి జారుతున్నవాడిలా. మొదటి మూడు నాలుగు రోజులు నాకు ఆయన మీద కోపమే తప్ప ఏమీ రాలేదు. మడమ నొక్కీ నొక్కీ కాలు లాగేది. తర్వాత ఒక రోజు, ఆయన గొంతు తగ్గబోతున్నదని ముందే తెలిసింది. నా చేయి దానంతటదే శబ్దం పెంచింది. నాయిన బండి దూరంగా ఉండగానే చప్పుడును బట్టి అమ్మ తలుపు తీసేది. అట్లా ఉంది ఆ తెలియడం.

గీతలు ఇంకా పడుతూనే ఉన్నాయి. కానీ ఒక గీత తర్వాత మాటలు వచ్చి, ఆ తర్వాత ఇంకో గీత పడేది. వరసగా పడడం తగ్గింది.

ఆ ఫైళ్లలో ఒక ఆడమనిషి కథ ఉంది. ఆమె ఎవరో, ఏ ఊరో తెలియదు. మెట్ల మీద పడి భుజం విరిగింది. డాక్టరు కట్టు కట్టాడు, కట్టు విప్పాడు. ఆ పై వచ్చిన ఫైలులో ఆయన చెప్పింది నేను నాలుగైదుసార్లు విన్నాను. మాట అర్థంకాక కాదు, సరిగ్గానే విన్నానా అని. భుజం మానిపోయింది, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, కానీ ఆమె చెయ్యి పైకెత్తడం లేదు, నొప్పి పుడుతుందన్న భయంతో ఎత్తే ప్రయత్నమే చేయడం లేదు, అని చెప్పాడు ఆయన. తర్వాత, గోడకు దగ్గరగా నిలబడి వేళ్లతో గోడ మీద కొంచెం కొంచెంగా పైకి పాకించమని చెప్పానన్నాడు.

నేను పక్కనున్న అమ్మాయిని పిలిచి ఆ ముక్క వినిపించాను. "పాపం" అంది తను.

ఆమె మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. మధ్యలో మోకాళ్లు, మడమలు, వెన్నుపూసలు చాలా వచ్చాయి. ఎదురుచూడడం వల్లనేమో వాటిని కూడా శ్రద్ధగా విన్నాను. ఒకరోజు ఆమె వచ్చింది. చెయ్యి ఎక్కడిదాకా లేస్తున్నదో డాక్టరు చెప్పాడు, ఏ మందు ఆపాడో చెప్పాడు. చివర్లో అలవాటుగా గొంతు తగ్గించి ఏదో అన్నాడు. వినబడలేదు. మడమ నొక్కాను. వినబడలేదు. మళ్లీ నొక్కాను. అందులో 'హెయిర్' అన్న మాట దొరికింది. జుట్టు. ఎముకల డాక్టరుకి జుట్టుతో పనేమిటి? పొరపాటు విన్నానేమో, వదిలేద్దామా అనిపించింది. కళ్లు మూసుకుని ఇంకోసారి నొక్కాను. ఇవాళ పొద్దున తన జుట్టు తనే దువ్వుకున్నానని చెప్పింది, అంటున్నాడు ఆయన. ఆ చెప్పడంలో చిన్న నవ్వు కూడా ఉంది.

అది టైపు చేశాను. ఎక్కడో సముద్రాల అవతల ఒక మనిషి దువ్వెన పట్టుకుంది. ఆ సంగతి నాకు ఇంగ్లీషులోనే తెలిసింది, మధ్యలో ఎవరూ తెలుగు చేసి చెప్పలేదు.

ఇంత జరిగాక నాకు భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నెల గడిచాక మేడం వేరే డాక్టరు ఫైలు ఇచ్చింది. ఆయన గుక్కతిప్పుకోకుండా మాట్లాడే కుర్రవాడు. మొదటి నిమిషంలోనే మళ్లీ నీళ్లు పోస్తున్న చప్పుడు. నాకు వచ్చింది ఆ ముసలాయన గొంతు ఒక్కటేనేమో అనిపించింది. కానీ ఈసారి ఒక తేడా ఉంది. ముసలాయన కూడా మొదట్లో ఇట్లాగే ఉండేవాడన్న సంగతి నాకు తెలుసు. మడమ నొక్కుతూ కూర్చున్నాను. వారానికల్లా ఆ కుర్రాడు కూడా మనిషిలా మాట్లాడసాగాడు.

ఆ రోజుల్లోనే నా పక్కనున్న అమ్మాయిని గమనించడం మొదలుపెట్టాను. తనకు అన్నీ వినబడతాయని నేను అనుకున్నది తప్పు. మొదటిసారి తనకూ ఏమీ తెలిసేది కాదు. "వీడేవంటున్నాడే బాబూ" అని గొణుక్కుంటూ మడమ నొక్కేది. మళ్లీ నొక్కేది. నేను ఒకసారి విని గీత గీసేచోట తను ఐదారుసార్లు వినేది. ఇద్దరి చెవులూ ఒకటే.

"నీకు భయం వెయ్యదా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకెయ్యదే? వేస్తుంది" అంది. "చిన్నప్పుడు మా నాన్న నన్ను స్టేషనుకెళ్లి టిక్కెట్లు కొనుక్కురమ్మనేవాడు. ఓసారి వేరే రైలుకి కొనుక్కొచ్చా. తిట్టి, మళ్లీ నన్నే పంపించాడు. రెండోసారి సరిగ్గా తెచ్చా. ఏదైనా అంతేగా."

నాకు ఇంట్లో తప్పు జరిగితే, పోనీలే బిడ్డా అని నాయిన ఆ పని తనే చేసేవాడు. ఇద్దరు నాన్నలూ ప్రేమగలవాళ్లే.

అయితే తన ధైర్యం ఒకసారి తన మీదికే వచ్చింది. ఒక మందు పేరు సరిగ్గా వినబడక, అదే అయి ఉంటుందిలే అని దగ్గరి పేరు రాసేసింది. రెండు మందులకూ పలకడంలో ఒక్క అక్షరమే తేడా. పనిలో మాత్రం ఒకటి గుండెకు, ఒకటి ఒంటి దురదకు. శిక్షణ ఫైలు కాబట్టి ఎవరికీ హాని జరగలేదు. మేడం మమ్మల్నందరినీ పిలిచి నిలబెట్టింది.

"గీత గీస్తే పైన చూసేవాళ్లు అక్కడ ఆగి వింటారు" అంది. "ధీమాగా తప్పు రాస్తే ఎవరూ ఆగరు. ఆ మందు ఒక మనిషి మింగుతాడు. మీకు వచ్చిందనుకోవడం వేరు, విని రాయడం వేరు."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. నేనైతే ఆ రోజే చెప్పులేసుకుని ఇంటికి పోయేదాన్ని. తను భోజనాల వేళ మందుల పేర్లుండే లావు పుస్తకం తెచ్చుకుని, ఒకలా వినబడే పేర్లన్నీ చదువుతూ కూర్చుంది. నాకు అప్పుడు అర్థమైంది. తను తప్పు చేస్తే ఆ ఒక్క మాట తప్పయ్యేది. నేను తప్పు చేస్తే నేనే తప్పు మనిషిననుకునేదాన్ని. పోయి తన పక్కన కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి చదువుకున్నాం. కప్పల్నీ బొద్దింకల్నీ కోసిన చదువు అక్కడ పనికొచ్చింది. శరీరంలో ఏది ఎక్కడుంటుందో తనకు నేను చెప్పేదాన్ని, ఏ మాట ఎట్లా పలుకుతారో నాకు తను చెప్పేది. ఒకరోజు మాటల్లో 'ఐలండ్' వచ్చింది. నేను పదో తరగతిలో ఏమని చదివానో చెప్పాను. తను పడిపడి నవ్వింది. ఈసారి నవ్వడంలో నాకు ఇబ్బంది లేదు.

శిక్షణ అయ్యాక పరీక్ష పెట్టారు. ఎవరూ వినని కొత్త గొంతు ఒకటి ఇచ్చారు. గది చల్లగా ఉన్నా నా అరచేతులు చెమట పట్టాయి. పట్టనీ అనుకుని చున్నీకి తుడుచుకున్నాను. విన్నాను, వెనక్కి పోయాను, మళ్లీ విన్నాను. కాయితం మొత్తంలో ఒక్కచోట మాత్రం ఎంత ప్రయత్నించినా మాట తేలలేదు. రోగికి ఏ పూట మందు వెయ్యాలన్నాడో అది. నాలుగైదు మాటలు మనసులో మెదిలాయి. ఏదైనా రాసెయ్యొచ్చు. రాయలేదు. గీత గీసి తర్వాతి వాక్యానికి పోయాను.

సాయంత్రం మేడం పిలిచింది. నా కాయితం ముందు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుని, ఆ గీత దగ్గర ఆగింది. విన్నది. కళ్లద్దాలు తీసి మళ్లీ విన్నది. ఆవిడ నుదురు ముడిపడడం చూస్తూ నిలబడ్డాను.

"నాకూ వినపడలేదు" అంది చివరికి, హెడ్‌ఫోన్లు తీసేసి. "ఉంచు గీత. ఇది ఆ డాక్టరునే అడగాలి."

ఆ ఒక్క మాటతో నాకు కలిగిన సంతోషం, ఉద్యోగం ఖాయమైందని తర్వాత చెప్పినప్పుడు కూడా కలగలేదు. గీతలన్నీ ఒకటేననుకున్నాను ఇన్నాళ్లూ. భయపడి గీసేది ఒకటుంటుంది. చేయగలిగిందంతా చేశాక గీసేది ఇంకొకటి ఉంటుంది. బయటికి రెండూ ఒక్కలాగే కనబడతాయి. గీసినవాళ్లకే తెలుస్తుంది తేడా.

ఇంట్లో చెప్పినప్పుడు నాయిన అన్నం తింటున్నాడు. "ఇగ రోజంత ఇంగ్లీషేనా?" అన్నాడు.

"అవు నాయినా. రోజంత."

"మరి నీకు రాదంటిమి గద."

"వినుడు వస్తది. మాట్లాడుడు ఇంకా రాదు. వస్తదేమో చూడాలె."

ఆయన ముద్ద కలుపుతూ, "చూడాలె మరి" అన్నాడు. ఆ తర్వాత ఇంటికొచ్చిన చుట్టాలతో ఆ పాత మాట ఆయన అనగా నేను వినలేదు.

మాట్లాడడం కూడా వచ్చింది, మెల్లగా. ఇప్పటికీ తప్పులు పోతాయి. ఆ పనిలో కొన్నేళ్లు ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ల పక్కన కూర్చోమని మేడం నన్ను పంపేది. వాళ్లలో తెలుగు మీడియం పిల్లలు గోడ పక్క కుర్చీలే వెతుక్కునేవాళ్లు. మీకు వస్తుందని నేను వాళ్లకు చెప్పేదాన్ని కాదు. వాళ్ల కాయితంలో వాళ్లకు తెలిసిన మాట మీద పడ్డ గీతను వెతికి, హెడ్‌ఫోన్లు ఇచ్చేదాన్ని. కొందరు ఉన్నారు, కొందరు మానేశారు. ఉన్నవాళ్లే ఎక్కువ.

ఒక చోట కుదిరిన ధైర్యం అక్కడితోనే ఆగిపోదని కూడా అప్పుడే చూశాను. ఉద్యోగం ఖాయమైన ఏడాది ఎండాకాలంలో ఆఫీసులో ఒకామె తన పాత స్కూటీ అమ్మేస్తానంటే తీసుకున్నాను. మా ఇంట్లో ఆడవాళ్లెవరూ అప్పటిదాకా సైకిలు కూడా ఎక్కలేదు. మా వీధి ఏటవాలులో మొదటిరోజే పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు చూశారు. బండి లేపి, దుమ్ము దులిపి, మళ్లీ ఎక్కాను. మళ్లీ ఎక్కడానికి పెద్దగా ఆలోచించలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చి నాకే ఆశ్చర్యమేసింది.

బాగా వచ్చాక ఒక ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని నార్సింగి వైపు పోయాను. అప్పుడు అదింకా పల్లెటూరే. దారికి అటూ ఇటూ గుట్టలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ కొత్తగా పాతిన హద్దురాళ్లు. అమ్మ మొదట నా నడుం గట్టిగా పట్టుకుని, "జర మెల్లగ పో బిడ్డా" అంటూనే ఉంది. కొంతదూరం పోయాక పట్టు సడలింది. చీర కొంగు గాలికి ఎగురుతుంటే సర్దుకోవడం కూడా మానేసింది. దారి పక్కన ఒక రాతి నీడలో బండి ఆపి ఇద్దరం మక్కకంకులు తిన్నాం.

అమ్మ తింటూ బండి వైపే చూస్తోంది. "గిది నడుపాల్నంటే కాళ్లకు పనేమన్న ఉంటదా?" అని అడిగింది.

"లేదమ్మా. చేతులే."

"మిషన్‌కు కాళ్లు గూడ కావాలె. గిది అల్కగనే ఉన్నట్టున్నది."

"ఎక్కుతవా?"

అమ్మ కంకి పూర్తిగా తిని, చేతులు దులుపుకుని, దారికి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొంగు నడుముకి బిగించి లేచింది. నేను వెనక నుంచి బండి పట్టుకున్నాను. అమ్మ రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని, బండి కదలగానే ఒక్కసారి ఒళ్లంతా బిగబట్టి, తర్వాత మెల్లగా ఊపిరి వదిలింది.

పెద్ద రోడ్డు మీదికి అమ్మ ఎప్పుడూ పోలేదు. కానీ బోరబండ గల్లీల్లో కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి, కూరగాయలకి, ఆ స్కూటీ చాలా ఏళ్లు ఆమె చేతిలోనే నడిచింది.